సాయంత్రం ఏడు గంటల కరెంటు

దేశంలో విద్యుదుత్పత్తికి ఉన్న స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిల్ ప్రమేయం లేనిదేనని 2025 జులైలో కేంద్రం ప్రకటించింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే అందిందని చెప్పుకొంది. లెక్క నిజమే. కానీ దేశంలో పుట్టే ప్రతి పది యూనిట్లలో దాదాపు ఏడు ఇంకా బొగ్గువే అన్నదీ నిజమే. మొదటి అంకె యంత్రాల శక్తిని చెబుతుంది, రెండోది అవి పనిచేసిన గంటలను చెబుతుంది. వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తే, అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం సజావుగా నడిచిన ఏడాది 600 కోట్ల యూనిట్లు ఇస్తుంది. పైగా దాన్ని పొద్దుగూకాక నడపమన్నా నడుపుతారు. పునరుత్పాదక విద్యుత్తు మీద మన దగ్గర జరిగే చర్చంతా ఎన్ని మెగావాట్లు, ఎన్ని వేల కోట్ల పెట్టుబడి అన్నచోటే తిరుగుతోంది. ఆ కరెంటు ఏ వేళకు అందుతుందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఎండకూ గాలికీ తెలుగు నేల మీద కరువు లేదు. కావలసిన గంటకు వాటిని అందించే ఏర్పాటుకే కరువు. చిత్రమేమిటంటే అందుకు కావలసిన జలాశయాలు, గుట్టలు, నలభై లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లు కూడా ఇక్కడే ఉన్నాయి.

కరెంటు పుట్టుక వెనక పెద్ద రహస్యం లేదు. రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో విద్యుత్తు పారుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆ అయస్కాంతాన్ని ఆగకుండా తిప్పేదెవరు అన్న వెతుకులాటే తర్వాతి విద్యుత్ చరిత్రలో చాలా భాగం. రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు మండించేది నీటిని ఆవిరి చేయడానికే. ఆ ఆవిరి టర్బైన్‌ను తోస్తే, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. అణు విద్యుత్ కేంద్రంలో జరిగే తతంగమూ ఇంతే, కాకపోతే పొయ్యి వేరు. చక్కెర మిల్లులో చెరకు పిప్పి మండించి తీసే కరెంటూ ఈ కోవలోదే. శ్రీశైలంలో ఆవిరి బదులు నీరు తోస్తుంది, అనంతపురం గుట్టల మీద గాలి తోస్తుంది. తిప్పే చెయ్యి మారుతుంది కానీ తిరిగేది అదే. అందుకే ‘కాలుష్యం లేని కరెంటు’ అనేది వేరే రకం కరెంటేమీ కాదు. తీగలోకి వచ్చాక కృష్ణమ్మ యూనిట్‌నూ సింగరేణి యూనిట్‌నూ విడదీసి చూపగల మీటరు ప్రపంచంలో లేదు.

జలవిద్యుత్తు సూత్రంలో ఉన్నవి రెండే: ఎంత నీరు, ఎంత ఎత్తు. ఒక టీఎంసీ నీరు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగి టర్బైన్ల గుండా పోతే సుమారు 70 లక్షల యూనిట్లు వస్తాయి. దీని అసలు గొప్పతనం పరిమాణంలో లేదు, వేగంలో ఉంది. చల్లబడిన బొగ్గు బాయిలర్‌ను మళ్లీ వేడెక్కించి పూర్తి స్థాయికి తేవాలంటే గంటలు పడుతుంది. జలవిద్యుత్ యూనిట్ నిమిషాల్లో అందుకుంటుంది. శ్రీశైలం కుడి గట్టున ఆంధ్రప్రదేశ్‌కు 770 మెగావాట్లు, ఎడమ గట్టున తెలంగాణకు 900 మెగావాట్లు ఉన్నాయి. గ్రిడ్ తడబడినప్పుడు ముందు గుర్తొచ్చేవి ఇలాంటివే. అయితే ఆ నీటికి సాగు, తాగునీరు అనే ఇద్దరు పెద్ద హక్కుదారులున్నారు. కరెంటు కోసం వదిలారా, పొలం కోసం వదిలారా అన్న తగవు 2021 వేసవి చివర్లో రెండు రాష్ట్రాల మధ్య ఎంత దూరం వెళ్లిందో తెలిసిందే. ఒకసారి కిందికి వదిలిన నీటిని మళ్లీ పైకి తెచ్చుకునే వీలుంటే ఈ తగవులో సగం పదును పోతుంది. ఆ సంగతికి ముందు ముందు వద్దాం.

గాలిమర లెక్క కొంచెం మొండిది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. తిరగేసి చూస్తే, వేగం సగానికి పడిపోయిన నాడు శక్తి ఎనిమిదో వంతుకు కుంగుతుంది. సెకనుకు మూడు మీటర్ల లోపు గాలికి మర కదలదు. పాతిక మీటర్లు దాటితే రెక్కలు తిప్పేసుకుని తనంతట తానే ఆగుతుంది. ఎంత నేర్పుగా మలిచినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి రాబట్టలేమని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టాడు. రెక్కను దాటాక గాలి అవతలికి పోవాలి కదా, మొత్తం శక్తి గుంజేస్తే అక్కడే నిలిచిపోతుంది. రాయలసీమలో గాలి పంట ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో. రామగిరి, నల్లకొండ వంటి చోట్ల మరలు ఆ నాలుగు నెలలు విరగ తిరుగుతాయి. మబ్బు పట్టి సోలార్ చతికిలపడేదీ ఆ నెలల్లోనే కాబట్టి ఈ రెంటికీ బాగానే పొత్తు కుదురుతుంది. పొత్తు కుదిరినంత మాత్రాన భరోసా ఉన్నట్టు కాదు. మే నెల చివర ఉక్కపోతలో, ఏసీలు గట్టిగా తిరిగే రాత్రి, గాలి ఆగితే మరను బతిమాలే దారి లేదు.

తిరిగే చక్రమే లేని ఉత్పత్తి సోలార్ పలకలది. వెలుతురు పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్ మాత్రం 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారైంది. దాని సామర్థ్యం ఆరు శాతం. నేడు మార్కెట్లో దొరికే పలక ఇరవై శాతం దాటింది. జరిగేది ఇదీ: సిలికాన్ పొరలో ఒక వైపు ఎలక్ట్రాన్లు ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉండేలా చిటికెడు వేరే పదార్థం కలుపుతారు. రెండూ కలిసే అంచు దగ్గర ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. కాంతి తగిలి విడివడ్డ ఎలక్ట్రాన్లను అది ఒకే వైపుకు నెడుతుంది. ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టుకు కాస్త అటూ ఇటూ. అలాంటివి పదుల కొద్దీ కలిపితే పలక అవుతుంది. వచ్చేది డీసీ కాబట్టి ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మార్చి గ్రిడ్‌కు ఇస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో సీమ ఎండకు పలక 60 డిగ్రీలు దాటుతుంది. రోహిణి కార్తె ఎండలు చూసి సోలార్‌కు పండగే అనుకుంటాం కానీ, నిర్మలమైన ఆకాశం, మోస్తరు చలి ఉండే రోజులే దానికి నిజమైన పండగ.

మిగతా వనరుల గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. సముద్రపు ఆటుపోట్లతో ఫ్రాన్స్‌లోని లా రాన్స్ కేంద్రం 1966 నుంచి 240 మెగావాట్లు తీస్తోంది. మన తీరంలో పోటు అంత ఎత్తు లేవదు. భూగర్భ వేడితో మణుగూరు దగ్గర సింగరేణి పెట్టింది 20 కిలోవాట్ల ప్రయోగ యూనిట్. ముచ్చటైనదే, రాష్ట్రాన్ని నడిపేది మాత్రం కాదు.

కాబట్టి తెలుగు రాష్ట్రాలకు సంబంధించినంత వరకు కథ ప్రధానంగా ఎండది, తర్వాత గాలిది. ఎండతో వచ్చిన చిక్కు ఇప్పుడు ధర కాదు. 2010లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో కంపెనీలు యూనిట్‌కు 10.95 రూపాయల నుంచి పైకి అడిగాయి. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో అది 3.15కు దిగింది, నెల తిరక్కుండానే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 పలికింది. ఇంత చవకైన సరుకు ఇబ్బడిముబ్బడిగా మార్కెట్లోకి వచ్చేది మాత్రం అందరికీ ఒకే వేళ, మిట్టమధ్యాహ్నం. దాంతో విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో ఎండ దండిగా ఉన్న రోజు మధ్యాహ్నం యూనిట్ ధర రూపాయికో రెండు రూపాయలకో పడిపోవడం, చీకటి పడగానే నియంత్రణ సంఘం విధించిన గరిష్ఠ పరిమితి 10 రూపాయలను ముట్టుకోవడం అలవాటుగా మారింది. ఒకే రోజు, ఒకే తీగ, ఒకే యూనిట్, ఐదు నుంచి పది రెట్ల తేడా. రాజస్థాన్‌లో 2025లో లైన్లు చాలక సౌర కేంద్రాలను పగటిపూట ఉత్పత్తి తగ్గించమన్నారు. సూర్యుడు ఉచితంగా ఇస్తుంటే వద్దనుకోవడం కన్నా పెద్ద దుబారా ఏముంది? మరోవైపు సూర్యాస్తమయానికి ముందు రెండు మూడు గంటల్లో సోలార్ తగ్గుతూ వచ్చి, పొద్దుగూకేసరికి మొత్తం సున్నాకు చేరుతుంది, ఇళ్లలో దీపాలు, టీవీలు, ఏసీలు సరిగ్గా అప్పుడే లేస్తాయి. ఆ ఖాళీని బొగ్గు పూడుస్తోంది. సాయంత్రపు ఖాళీ పూడ్చే మరో మార్గం చూపనంత కాలం కొత్తగా కట్టే ప్రతి సౌర పార్కూ మధ్యాహ్నపు ధరను మరికాస్త కిందికి నెట్టడం తప్ప, రాత్రి బొగ్గును తగ్గించలేదు.

ఇక్కడే ఆ కిందికి వదిలిన నీటి సంగతికి రావాలి. శ్రీశైలం ఎడమ గట్టున ఉన్న ఆరు యూనిట్లు, నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలోని ఏడు యూనిట్లు ఒకవైపే తిరిగేవి కావు. నీరు దిగేటప్పుడు జనరేటర్లు, అవసరమైతే గ్రిడ్ నుంచి కరెంటు తీసుకుని వెనక్కి తిరిగే పంపులు. పగటి చవక కరెంటుతో నీటిని పైకి ఎక్కించి, రాత్రి దాన్నే దించి మళ్లీ కరెంటు తీస్తారు. పెట్టిన ప్రతి వంద యూనిట్లలో 75 నుంచి 80 తిరిగి వస్తాయి. ఇరవై పైచిలుకు యూనిట్లు నష్టమే కదా అనిపిస్తుంది. రెండు రూపాయలకు కొన్న సరుకులో ఐదో వంతు తరుగు పోయినా, పది రూపాయలకు అమ్ముడుపోయే వేళకు చేరితే అది నష్టం కాదని ధాన్యం గాదెలో పోసి ధర కోసం ఆగిన ఏ రైతైనా చెబుతాడు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఈ ఆలోచనను నది నుంచి విడదీసింది. గుట్ట మీద ఒక జలాశయం, కింద ఒకటి. ఒకసారి నింపుకున్న నీరే పైకీ కిందికీ ఆడుతుంది, ఎండకు ఆవిరైనంత మేర మళ్లీ పోసుకుంటే చాలు. రోజుకు కోటి యూనిట్లు దాచగల ఏర్పాటు అది. సాగునీటి వాటాలతో, ఎగువ దిగువ తగవులతో దానికి రోజువారీ సంబంధం ఉండదు. కృష్ణా జలాల మీద ఇంత కలహించిన ప్రాంతానికి ఇది చిన్న సదుపాయం కాదు.

దాచడం ఒక దారి. వాడకాన్నే పగటికి జరపడం రెండోది, ఇంకా చవకైనది. నీళ్లు తోడడమనే పనికి గంట పట్టింపు లేదు. మధ్యాహ్నం పన్నెండుకు తోడినా రాత్రి పన్నెండుకు తోడినా మడికి అందేది అవే నీళ్లు. 2004లో ఉచిత విద్యుత్తు మొదలైనప్పటి నుంచీ రైతుకు రాత్రి పూట విడతలవారీగా కరెంటిచ్చిన కాలంలో చీకట్లో పొలానికి వెళ్లి పాముకాటుకో షాక్‌కో బలైన వారి గురించి పల్లెల్లో వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో పగలు పరిశ్రమలకు, రాత్రి రైతుకు అన్న లెక్కకు ఒక ఆర్థిక తర్కం ఉండేది, రాత్రి కరెంటు మిగిలేది కాబట్టి. సోలార్ ఆ తర్కాన్ని తలకిందులు చేసింది. ఇప్పుడు మిగిలేది పగటి కరెంటు. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరా విధానం ఈ కొత్త లెక్కకు సరిపోతుంది. తెలంగాణ 2018 జనవరి నుంచి ఇస్తున్న 24 గంటల సరఫరా రైతుకు స్వేచ్ఛ ఇచ్చింది, మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి వదిలేస్తే మాత్రం అది రాత్రి పీక్‌లోనూ తిరుగుతుంది. రైతుకు ఇచ్చే గంటలు తగ్గించమని ఎవరూ అనక్కర్లేదు. ఎండ గంటల్లో వోల్టేజీ పడిపోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా నిఖార్సుగా ఇస్తే పొలం పని తనంతట తానే పగటికి జరుగుతుంది. భారీ ఎత్తిపోతలకూ ఇదే వర్తిస్తుంది. కాళేశ్వరంలో భాగమైన గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. అంతటి మోటార్లు ఏ గంటలో తిప్పుతారన్నది నీటిపారుదల శాఖ ఒక్కదాని సౌలభ్యానికి వదిలేయాల్సిన విషయం కాదు.

‘ఇదంతా పంపిణీ సంస్థల (డిస్కంల) మెడకు గుదిబండ, ముందే పాత ఒప్పందాలతో మునిగాయి’ అన్న వాదనను తేలిగ్గా తీసేయలేం. ఎక్కువ ధరకు కుదిరిన సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను (పీపీఏలను) తిరగదోడాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది. ఒప్పందాల ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. ధరలు ఏటేటా పడిపోతున్న వస్తువుకు పాతికేళ్ల ఒప్పందం రాసుకుంటే తొలి కొనుగోలుదారు మోత మోయక తప్పదు. ఆ మాట కాదనలేం. అయితే ఆ తప్పు నుంచి నేర్చుకోవలసింది సోలార్‌ను వదలమని కాదు, వేళను చూడకుండా యూనిట్లు కొనవద్దని. నిల్వతో కలిపి సాయంత్రం అందించే షరతు మీద 2024 చివర కేంద్ర సంస్థ సెకి పిలిచిన వేలంలో ధర 3.52 రూపాయలు తేలింది. కొత్తగా కట్టే బొగ్గు కేంద్రాలకు 2025లో రాష్ట్రాలు పిలిచిన వేలాల్లో ధరలు ఐదు రూపాయలు దాటాయి. నిల్వకు వాడే నాలుగు గంటల బ్యాటరీ రాత్రంతా నడపలేదు, వారం రోజుల ముసురును దాటించలేదు. అంచేత బొగ్గు రేపే మూతపడుతుందనడం అతిశయోక్తి. కొత్త బొగ్గు కేంద్రానికి పాతికేళ్ల సంతకం పెట్టడం మాత్రం 2015 నాటి సోలార్ తప్పును ఇంకా పెద్ద అంకెతో మళ్లీ చేయడమే.

భూమి విషయంలో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. మెగావాట్‌కు నాలుగు నుంచి ఆరు ఎకరాలు కావాలి. గని, శకునాల ఊళ్ల దగ్గరి వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు సుమారు ఆరు వేల ఎకరాల్లో ఉంది. రికార్డుల్లో ‘బంజరు’ అని రాసిన నేల మేకలకూ గొర్రెలకూ మేత, పేదకు సాగు. ఆ ప్రాంతంలోనే, ఒకప్పుడు బట్టమేక పిట్టకు పేరుమోసిన రోళ్లపాడు అభయారణ్యం ఉంది. ఆ పిట్టకు కరెంటు తీగలు యముడి పాశాలని రాజస్థాన్ అనుభవం చెబుతోంది. అందుకని తక్కువ భూమి అడిగే చోట్లనే ముందు వెతకాలి. రామగుండంలో ఎన్టీపీసీ తన జలాశయం నీళ్ల మీద సుమారు 500 ఎకరాల మేర తేలే పలకలు పరిచి 2022 నాటికి 100 మెగావాట్లు తీసింది. పలకల నీడకు నీరు ఆవిరి కావడం తగ్గింది, నీటి చలువకు పలకల దిగుబడి కాస్త పెరిగింది, ఒక్క రైతూ కదలలేదు. ఇంటి కప్పుల మీదైతే కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు చాలు, రోజుకు సగటున నాలుగు యూనిట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది. పంప్డ్ స్టోరేజీ పేరుతో అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో కొండలు అడగడాన్ని మాత్రం ఈ వ్యాసం సమర్థించదు. అక్కడి ఆదివాసులు వద్దంటూ రోడ్డెక్కారు, గిరిజన ప్రాంత భూములు ఇతరుల చేతికి పోనివ్వని 1/70 చట్టం వారి పక్షాన ఉంది. నదితో పని లేని ప్రాజెక్టు ఎక్కడైనా కట్టుకోవచ్చన్నదే దాని గొప్ప అయినప్పుడు, అడవిలోనే కట్టాలన్న పట్టుదల దేనికి?

పలకల తయారీలో ప్రతి దశలోనూ ఎనభై శాతానికి పైగా చైనా చేతిలో ఉందన్న ఆందోళన న్యాయమైనదే. కాకపోతే చమురు దిగుమతితో దీన్ని పోల్చడం సరికాదు. చమురు ఆగితే బండి రేపే ఆగుతుంది, పలకలు ఆగితే కొత్తవి రావంతే, పెట్టినవి పాతికేళ్లు పనిచేస్తూనే ఉంటాయి. వాటి తయారీకి ఖర్చయిన శక్తిని మన ఎండలో ఏడాది రెండేళ్లలోనే తిరిగి ఇచ్చేస్తాయి. తిరిగే బరువైన చక్రాలు తగ్గితే గ్రిడ్ 50 హెర్ట్‌జ్ దగ్గర నిలకడగా ఉండదన్న ఇంజినీర్ల హెచ్చరిక ఇంకా గట్టిది. పలకకు చక్రం లేదు, కుదుపు వచ్చినప్పుడు ఆసరా ఇచ్చే జడత్వమూ లేదు. దానికి జవాబు కూడా చాలావరకు నీటి టర్బైన్లలోనే ఉంది. సోలార్ పెరిగేకొద్దీ శ్రీశైలం, సాగర్ యూనిట్ల విలువ తగ్గదు, పెరుగుతుంది. ఆ యంత్రాలను, వాటి కేబుళ్లను, వాటి దగ్గర పనిచేసే మనుషుల భద్రతను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో తొమ్మిది మందిని బలిగొన్న అగ్నిప్రమాదం చెప్పింది.

వేళను బట్టి ధర అన్న సూత్రం కేంద్రం నిబంధనల్లోకి 2023లోనే వచ్చింది. ఎండ గంటల్లో 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్‌లో ఎక్కువ. 2024 ఏప్రిల్ నుంచి వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు, 2025 ఏప్రిల్ నుంచి వ్యవసాయం తప్ప మిగతావారికి అమలు చేయాలన్నారు. స్మార్ట్ మీటర్లు లేనిచోట అది కాగితం మీదే ఉంది, మీటర్లు పెడుతున్నచోట జనంలో అనుమానమూ ఉంది. పీక్‌లో ఎక్కువ వసూలు చేసే మీటరు కనిపిస్తోంది కానీ మధ్యాహ్నం తగ్గించే బిల్లు కనిపించకపోతే ఆ అనుమానం తప్పు కాదు. డిస్కంలు ఏటా తమ ఆదాయ అవసరాల నివేదికలను రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లకు ఇస్తాయి, వాటి మీద బహిరంగ విచారణ జరుగుతుంది. అభ్యంతరం రాసి పంపే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. ఈసారి పంపేవారు గంటలవారీ కొనుగోలు ధరలు బయటపెట్టమని, శ్రీశైలం, సాగర్ యూనిట్లు ఏడాదిలో ఎన్ని గంటలు పంపులుగా తిరిగాయో చెప్పమని, కొత్త పీపీఏ ఏదైనా సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎన్ని యూనిట్లు ఇస్తుందో అందులోనే రాయమని అడగండి.